అమ్మ అల్జీమర్స్‌తో నాలుగేళ్లు: ఇంట్లో వాడినవాటిలో ఏవి పనికొచ్చాయి

మా అమ్మకు అల్జీమర్స్ అని 2021లో తెలిసింది. అప్పటికి ఆమెకు 70 ఏళ్లు. ఏఎన్ఎంగా పల్లెటూళ్లన్నీ తిరిగి 2009లో రిటైరైంది. ఇప్పుడు భీమవరంలో నా దగ్గరే ఉంటుంది. ఈ నాలుగేళ్లలో ఎవరేం కొనమంటే అది కొన్నాం. సగం అటకెక్కాయి. కొన్ని మాత్రం లేకపోతే ఏమైపోయేవాళ్లమో అనిపిస్తుంది. ఈ జబ్బు పేరు ఇప్పుడిప్పుడే విన్న ఇళ్లవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది తలుపు బెల్లు గురించి. అయస్కాంతంతో పనిచేసే చిన్న సెన్సర్ ఇది. ఒక ముక్క తలుపుకి, ఇంకో ముక్క గుమ్మానికి అంటిస్తాం. తలుపు తీయగానే మోగుతుంది. మొదట కొన్నది తలుపు దగ్గరే సైరన్‌లా మోగేది. ఆ మోతకి అమ్మ చెవులు మూసుకుని గుమ్మంలోనే కూలబడిపోయింది. ఆ రోజే తీసేశాం. తర్వాత వైర్‌లెస్‌ది తెచ్చాం. సెన్సర్ వీధి తలుపుకి ఉంటుంది, బెల్లు నా మంచం పక్కన మోగుతుంది. ఆ మోత అమ్మ దాకా వినపడదు. వెయ్యి రూపాయల లోపే అయింది. సెల్లులు ఆరు నెలలకోసారి మారుస్తాను. అంతకుముందు రాత్రిళ్లు తాళం వేసేవాళ్లం. తలుపు బాదీ బాదీ ఆమె చేతులు వాచిపోయాయి. తాళం వేయడం మేం చేసిన పెద్ద తప్పు.

2023లో ఒక రాత్రి రెండున్నరకి బెల్లు మోగింది. వెళ్లి చూస్తే అమ్మ వరండాలో చెప్పులేసుకుని నిలబడి ఉంది. చేతిలో స్టీలు క్యారేజీ. మూత తీశాను. గిన్నె నిండా ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలు, వాటి మధ్యలో నా కంటి చుక్కల సీసా. "పోలియో ఆదివారం కదే, ఇప్పుడు బయల్దేరకపోతే ఎలా" అంది. 1995లో పల్స్ పోలియో మొదలైన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా ఆమె వేయని చుక్కలు లేవు. చల్లదనం పోతే మందు పాడైపోతుందన్నది ఇంకా గుర్తుంది. నా పేరు మాత్రం ఆ రోజుకే నోటికి రావడం లేదు.

మొదట్లో అయితే "అమ్మా, నువ్వు రిటైరై ఎన్నేళ్లయిందో తెలుసా" అనేదాన్ని. దాంతో ఆమెకు అవమానంగా ఉండేది, ఏడ్చేది, తెల్లవార్లూ నిద్రపోయేది కాదు. ఆ రాత్రి "జీపు ఇంకా రాలేదమ్మా, రాగానే లేపుతాను" అన్నాను. "ఐసు కరిగిపోద్దేమోనే" అంది. "ఇలా ఇవ్వు, ఫ్రిజ్‌లో పెడతాను" అంటే క్యారేజీ నా చేతికిచ్చి లోపలికి వచ్చేసింది. పది నిమిషాల్లో నిద్రపోయింది. బెల్లు లేకపోతే ఆ వేళకి ఆమె మెయిన్ రోడ్డు మీద ఉండేది.

జీపీఎస్ లాకెట్ మాకు పనికిరాలేదు. రోజూ చార్జింగ్ పెట్టాలి, అందులోని సిమ్‌కి రీచార్జ్ చేయించాలి, చూపించే చోటు రెండు వీధుల తేడా. అదొక ఎత్తు, అమ్మ దాన్ని ఒంటి మీద ఉంచుకోకపోవడం ఒక ఎత్తు. "ఇది నాది కాదు" అని తీసి ఎక్కడో పడేసేది. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది. దాని బదులు వెడల్పాటి స్టీలు కడియం ఒకటి తీసుకుని, నా ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో చెక్కించాను. అమ్మ దృష్టిలో అది గాజు. గాజు తీయకూడదని ఆమె పట్టింపు. ఒక మధ్యాహ్నం నేను స్నానానికి వెళ్లినప్పుడు బయటికి వెళ్లిపోతే, అరటిపళ్లు అమ్మే ఆవిడ కడియం చూసి ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి అమ్మను బండి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి పండు తినిపిస్తోంది. మీ ఇంట్లో అమ్మలాంటివాళ్లుంటే ఇలాంటి కడియం ఈ రోజే చేయించండి. వందల్లో అయిపోతుంది.

రోజు, పూట పెద్ద అక్షరాలతో చూపించే గడియారం ఏడాదిన్నర బాగా పనిచేసింది. తర్వాత చదివేది గానీ అర్థం అయ్యేది కాదు. రోజుకో కాగితం చింపే క్యాలెండర్ అంతకన్నా ముందే మానేశాం, ఒకే రోజు వారం కాగితాలు చింపేసేది. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే నల్ల పట్టా తీసేశాను. ఆమెకు అది గొయ్యిలా కనిపించి అడుగు వేయలేకపోయేది. బాత్రూంలో తెల్ల బకెట్టు, తెల్ల టైల్స్ తేడా తెలిసేది కాదు, ఎర్ర బకెట్టు, ఎర్ర మగ్గు పెట్టాక తనే నీళ్లు పోసుకుంది. అది ఏడాది దాకా సాగింది.

మందుల గురించి నాకు తెలిసినంతలో చెబుతాను. బి12, థైరాయిడ్ పరీక్షలు, ఎంఆర్ఐ అయ్యాక జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 18 వచ్చింది. డొనెపెజిల్ అనే మందు గుండె వేగం తగ్గించవచ్చని ముందు ఈసీజీ తీసి, ఆ తర్వాతే మొదలుపెట్టారు, 5 మిల్లీగ్రాములతో మొదలై 10కి వెళ్లింది. మొదటి రెండు వారాలు విరేచనాలు, అన్నం సహించకపోవడం. రాత్రి వేసుకుంటే పీడకలలొచ్చి అరిచేది. డాక్టరుకు చెబితే పొద్దున వేయమన్నారు, కలలు తగ్గాయి. తర్వాత మెమాంటిన్ కూడా చేర్చారు. ఇవి జబ్బును నయం చేయవు. మొదటి ఏడాది కాస్త నిలకడగా ఉందనిపించింది, అంతే.

ఒక విషయం అందరికీ చెప్పాలి. పోయినేడాది రెండు రోజుల్లోనే అమ్మ పూర్తిగా మారిపోయింది. లేని మనుషులతో మాట్లాడటం, గోడలు తడమడం. జబ్బు ముదిరిందనుకుని అందరం ఏడ్చాం. మూత్రం పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్. యాంటీబయాటిక్ వాడిన వారానికి మళ్లీ మునుపటి మనిషి అయింది. హఠాత్తుగా ఏ మార్పొచ్చినా వెంటనే డాక్టరుకు చూపించి, ఆ పరీక్ష కూడా చేయించండి. జ్వరం ఉండాలని లేదు, అమ్మకు లేదు.

ఇంట్లోవాళ్ల సంగతికొస్తే, తొలి ఏడాది మేం ముగ్గురం పోట్లాడుకోని వారం లేదు. చుట్టాలు "పెద్దతనం, చాదస్తం" అనేవాళ్లు. మన దేశంలో 60 దాటినవాళ్లలో వందకు ఏడుగురికి పైగా డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులన్నిటికీ కలిపి పేరు) ఉందని 2023లో వచ్చిన అంచనా. అయినా పేరు పెట్టి మాట్లాడటానికి అందరికీ మొహమాటమే. అక్క తన వంతుగా అమ్మను హైదరాబాద్ తీసుకెళ్లింది. ఆ ఫ్లాట్‌లో పదిహేను రోజుల్లో అమ్మ బాగా దిగజారిపోయింది, బాత్రూం ఎటో కూడా దొరకలేదు. ఆ తర్వాత అమ్మను కదపడం మానేసి అక్కే నెలకో వారం ఇక్కడికి వస్తోంది. ఆ వారం నేను వేరే గదిలో పడుకుంటాను, బెల్లు అక్క దగ్గరుంటుంది.

తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు. ఫోన్ చేయగానే "నేనెవరో చెప్పమ్మా" అనేవాడు. ఆమె మొహం చిన్నబోయేది, ఆ తర్వాత గంటసేపు మనిషి మనిషిలా ఉండేది కాదు. అక్క హైదరాబాద్‌లో ఏఆర్‌డీఎస్ఐ అని అల్జీమర్స్ ఉన్నవాళ్ల కుటుంబాలకు సాయపడే సంస్థ వాళ్ల సమావేశానికి వెళ్లి వచ్చి, అలా పరీక్షలు పెట్టొద్దని చెప్పింది. ఇప్పుడు "అమ్మా, నేను నీ చిన్నోడిని" అనే మొదలుపెడతాడు. సాయంత్రం ఆరింటికి, వాడికి పొద్దున్న ఏడున్నరకి చేస్తాడు. సరిగ్గా ఆ వేళకే అమ్మకు గాభరా ఎక్కువ, ఇంటికి పోతానంటుంది. వాడు అరగంట పాత ఊళ్ల కబుర్లు అడుగుతాడు. ఆ అరగంటలో నేను వంట చేసుకుంటాను. వాడు పంపే డబ్బు కన్నా ఆ ఫోన్ నాకు ఎక్కువ ఆసరా. అటెండెంట్లు ముగ్గురు మారారు, నాలుగో అమ్మాయి నిలిచింది.

బ్యాంకు పనులు, జాయింట్ అకౌంటు, వీలునామా, ఇవన్నీ అమ్మ సంతకం పెట్టగలిగినప్పుడే చేసేశాం. పింఛను కోసం ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర పడకపోతే ఫోన్‌లో ముఖం చూపించి చేయొచ్చు, రెండేళ్లుగా అలాగే ఇస్తున్నాం. ఎవరిని అడగాలో తోచనివాళ్లు పెద్దవాళ్ల కోసం ఉన్న 14567 నంబరుకి చేయండి.

ఈ వేసవి నుంచి అమ్మ నడక తగ్గింది, వీధి తలుపు దాకా వెళ్లడం లేదు. సెన్సర్‌ని అక్కడి నుంచి తీసి బాత్రూం తలుపుకి అంటించాను. ఒక్కతే లేచి వెళ్తే పడిపోకుండా పట్టుకోవాలి. నిన్న రాత్రి రెండుసార్లు మోగింది. రెండోసారి వెళ్లేసరికి తలుపు పట్టుకుని నిలబడి, "వచ్చావా" అంది.