ఆరేళ్ళుగా కత్తిపీటకీ కొడవలికీ రాసి చూసిన నూనెలు, మైనం

మాది వైజాగ్, బీచ్‌కి దగ్గర్లోనే ఇల్లు, ఆ ఉప్పుగాలికి గేటు గొళ్ళేలే నిలవవు. అమ్మమ్మ ఇచ్చిన ఇనప కత్తిపీట, మొక్కల దగ్గర వాడే కొడవలి, ఒక కార్బన్ స్టీల్ చాకు, ఈ మూడిటినీ ఆరేళ్ళుగా తుప్పు పట్టకుండా కాపాడుకుంటున్నా.

మొదట్లో ఇంట్లో ఉంది కదా అని వేరుశనగ నూనె రాసేదాన్ని. రోజూ వాడేవాటికి పర్లేదు గానీ రెండు నెలలు పక్కన పెట్టిన కొడవలి తీసి చూస్తే నూనె గోధుమరంగు బంకలా గట్టిపడిపోయి గోరుతో గీకినా రాలేదు, వంటసోడా పేస్టుతో తోమితే గానీ వదల్లేదు. ఆ నూనె గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుందంట, అవిసె నూనె అయితే మరీనూ. కొబ్బరి నూనె నయం, కత్తిపీటకి ఇప్పటికీ అదే, కాకపోతే ఎక్కువ రోజులు వదిలేస్తే కనరు వాసన వస్తుంది.

డబ్ల్యూడీ-40 కూడా వాడా. అది 1953లో అమెరికాలో తేమని తోసేయడానికి చేసింది, పేరుకి అర్థం కూడా అదే. తడిసిన కత్తెరకి కొట్టి తుడిస్తే బ్రహ్మాండం, కానీ పొర బాగా పల్చన, వానాకాలంలో నెల తిరక్కుండానే కొడవలికి మచ్చలొచ్చాయి. కూరగాయలు కోసేవాటికి మాత్రం కొట్టొద్దు.

నాకు బాగా నచ్చింది మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్, వేరే మందులేవీ కలపని ప్లెయిన్‌ది అడగండి. బంక కట్టదు, వాసన రాదు, చాకుకి రెండు చుక్కలు చాలు, చిన్న సీసా నాకు ఏడాది పైనే వచ్చింది.

దాచిపెట్టే వాటికైతే మైనమే. తేనెమైనం ఒక వంతు, అదే లిక్విడ్ పారాఫిన్ మూడు వంతులు, వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, నేరుగా మంట మీద పెట్టకండి. బాగా ఆరిన కత్తికి పల్చగా రాసి పావుగంటాగి గుడ్డతో తుడిచేస్తా. కొడవలి ఇలా రెండు వానాకాలాలు గడిపింది, ఒక్క మచ్చ లేదు. రోజూ కడిగే చాకుకి మాత్రం దండగ, సబ్బుకి పోతుంది.

ఒకసారి మైనం రాశాం కదా అని చాకుని తోలు ఒరలో పెట్టి ఊరెళ్ళా. తోలు తేమ పీల్చుకుని పట్టి ఉంచుతుందని అప్పటికి తెలీదు, పైగా తుడిచాక అలుగుని చేత్తో పట్టుకున్నా. వచ్చి చూస్తే అచ్చం నా వేలిముద్రల ఆకారంలో తుప్పు, అది చూసి ఎంత బాధేసిందో. ఇప్పుడు ఒరలో అస్సలు పెట్టను, నూనెగుడ్డలో చుట్టి పై అరలో పెడుతున్నా, ఆ మచ్చలు మాత్రం సాన పట్టించినా పూర్తిగా పోలేదు.