మాస్టర్స్ ఈత పోటీల్లో జట్టు ట్రోఫీ: ఏ పాయింట్ల లెక్క మేలు?

అమెరికాలో పెద్దవాళ్ల ఈతకు, అంటే మాస్టర్స్ ఈతకు, మొదటి జాతీయ పోటీ 1970లో టెక్సాస్ రాష్ట్రంలోని అమరిల్లోలో జరిగింది. దాని వెనక ఉన్న నౌకాదళ వైద్యుడు రాన్సమ్ ఆర్థర్ ఆలోచన సూటిగా ఉండేది: ముందు పోటీ ఒకటి పెట్టుకుంటే పెద్దవాళ్లు సాధన మానరు, ఆరోగ్యం నిలబడుతుంది. మాస్టర్స్ ఈత ఈ ఉద్దేశంతో పుట్టింది కాబట్టి ఏ పాయింట్ల పద్ధతినైనా ఒక్క ప్రశ్నతో తూచాలి. ఆ లెక్క పెడితే, క్లబ్బు కెప్టెన్ తన జట్టులో అందరికన్నా నెమ్మదిగా ఈదే మనిషిని రమ్మంటాడా, వద్దంటాడా?

అందరికీ తెలిసిన పద్ధతి స్థానాల లెక్క. అక్కడి మాస్టర్స్ ఈత సంస్థ యూఎస్ మాస్టర్స్ పెట్టే జాతీయ పోటీల్లో ఐదేళ్లకో ఏజ్ గ్రూపు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు. ప్రతి ఈవెంట్‌లో మొదటి పదిమందికి 11, 9, 8, 7 అలా దిగుతూ పదో స్థానానికి 1. రిలేకి రెట్టింపు. అన్నీ కూడితే జట్టు మొత్తం వస్తుంది. ఇందులో ఎవర్నీ వద్దనాల్సిన పని లేదు, ఎంతమంది వస్తే అంత లాభం. చిక్కు కూడా అక్కడే ఉంది. అరవైమంది వచ్చిన క్లబ్బు తలా ఐదు ఈవెంట్లు ఈది, ఒక్కో ఈతకు సగటున 2 పాయింట్లు తెచ్చుకున్నా 600 అవుతాయి. ఆరుగురు వచ్చిన క్లబ్బు తలా ఐదు ఈది, ముప్ఫై ఈతల్లోనూ మొదటి స్థానమే కొట్టినా 330. ఇక ఆ క్లబ్బు ఏం చేస్తే గెలుస్తుంది? పోటీ ఏ ఊళ్లో జరిగితే ఆ ఊరి క్లబ్బుకు ప్రయాణ ఖర్చు లేదు కాబట్టి ట్రోఫీ చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

ఇదే లెక్కలో ఇంకో వంకర ఉంది. 85-89 ఏళ్ల ఆడవాళ్ల 200 బటర్‌ఫ్లైకి ఒక్కరే రావచ్చు, ఈది ముగిస్తే 11. అదే 45-49 మగవాళ్ల 50 ఫ్రీస్టైల్‌లో పదకొండో స్థానం వచ్చినవాడికి సున్నా. ఆ వయసులో 200 బటర్‌ఫ్లైని నియమం తప్పకుండా ముగించడం మామూలు సంగతి కాదు, ఆ 11ని ఉచితంగా వచ్చినట్టు మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ రెండు క్లబ్బుల బలాన్ని పోల్చే కొలతగా మాత్రం అది పనికిరాదు.

దీనికి విరుగుడుగా చాలామంది చెప్పేది తలసరి సగటు. వినడానికి న్యాయంగా ఉంటుంది, ఆచరణలో అన్నిటికన్నా చెడ్డది. ఒకే ఒక్క చాంపియన్ ఉన్న ‘క్లబ్బు’ ఐదు ఈవెంట్లు గెలిస్తే సగటు 55. ఆరుగురూ అన్నీ గెలిచిన క్లబ్బుకూ అదే 55. కనీసం ఇంతమంది ఉండాలని గీత గీసి దీన్ని సర్దొచ్చు. సర్దలేనిది మరొకటి: కొత్తగా చేరిన యాభై ఏళ్ల మనిషి వస్తే సగటు పడిపోతుంది. కెప్టెన్ నోటితో వద్దనకపోయినా ‘ఈసారికి చూడ్డానికి రండి’ అంటాడు. ఆ మనిషి మళ్లీ రాకపోవచ్చు.

క్లబ్బుల్ని వర్గాలుగా విడదీయడం నయం. యూఎస్ మాస్టర్స్ స్థానిక క్లబ్బుల్నీ, ఒక ప్రాంతంలోని ఎన్నో చిన్న బృందాలు ఒకే పేరుతో కలిసి ఈదే ప్రాంతీయ క్లబ్బుల్నీ విడిగా లెక్కిస్తుంది. ఒకే కొలనులో సాధన చేసే ఇరవైమందిని ఒక ప్రాంతపు ఉమ్మడి జట్టుతో పోల్చకపోవడం సబబే. సంఖ్యను బట్టి చిన్న, మధ్య, పెద్ద అని విడదీస్తే మాత్రం రిజిస్టర్‌లో ఉన్న సభ్యుల సంఖ్య తీసుకోకూడదు, దూరం నుంచి ఎనిమిదిమందినే పంపగలిగిన పెద్ద క్లబ్బు నష్టపోతుంది. నిజంగా నీళ్లలోకి దిగినవాళ్లనే లెక్కపెట్టాలి. హద్దు 15 అని ముందే ప్రకటిస్తే పదహారో మనిషి ఇంట్లో ఉండిపోతాడు. అందుకని ఎంట్రీలు ముగిశాక, సంఖ్యల మధ్య పెద్ద ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడ హద్దు పెట్టాలి.

ఇక టైమింగ్‌ను బట్టి పాయింట్లు. అంతర్జాతీయ ఈత సమాఖ్య వరల్డ్ ఆక్వాటిక్స్ సూత్రం ఇది: ప్రామాణిక టైమింగ్‌ను, అంటే పోల్చడానికి ముందే ఖాయం చేసుకున్న సమయాన్ని, ఈదిన టైమింగ్‌తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేసి, వెయ్యితో గుణించాలి. ఒక ఏజ్ గ్రూపులో 50 ఫ్రీస్టైల్ ప్రామాణికం 30.00 సెకన్లు అనుకుందాం. 36.00లో ఈదితే 578, 35.00లో ఈదితే 629. పద్నాలుగో స్థానం నుంచి పన్నెండుకు వచ్చిన మనిషికి స్థానాల లెక్కలో దక్కేది సున్నా, ఇక్కడ 51. నెమ్మదిగా ఈదేవాళ్ల మెరుగుదలకు విలువ కట్టే పద్ధతి ఇదొక్కటే.

జాగ్రత్తలు లేకపోతే ఇదీ దారి తప్పుతుంది. ప్రామాణికంగా ఒకే ఒక్క రికార్డును తీసుకుంటే, ఒక అసాధారణమైన ఈతగాడు ఉన్న ఏజ్ గ్రూపులో అందరి పాయింట్లూ కుంగుతాయి. ఏటా వచ్చే టాప్ టెన్ జాబితాల నుంచి కొన్నేళ్ల సగటు తీసుకుంటే నిలకడగా ఉంటుంది. 50 మీటర్ల కొలను ప్రామాణికాన్ని 25 మీటర్ల కొలనుకు వాడకూడదు, గోడను తన్ని వెనక్కి తిరిగే టర్నులు ఎక్కువ కావడంతో టైమింగ్ తగ్గి పాయింట్లు ఉబ్బుతాయి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్ కొలనులో పోటీ పెట్టేవాళ్లు ముందు టేపుతో కొలవాలి. 23 మీటర్లు ఉంటే ఈ ప్రామాణికాలు పక్కనపెట్టి స్థానాల లెక్కే వాడుకోవాలి.

నా ఓటు మాత్రం టైమింగ్ పాయింట్లకు పరిమితి కలిపిన పద్ధతికి. ఎంతమంది ఈదినా క్లబ్బుకు అత్యుత్తమమైన 12 ఈతలే లెక్కలోకి రావాలి. ఒక మనిషివి రెండుకు మించకూడదు. ఆడవాళ్లవి కనీసం నాలుగు, మగవాళ్లవి కనీసం నాలుగు, మొత్తం మీద మూడు ఏజ్ గ్రూపులైనా ఉండాలి. తగ్గినచోట సున్నా. ఆరుగురి క్లబ్బు ఇందులో నిండుగా పోటీ పడగలదు. అరవైమంది క్లబ్బుకు ఎంచుకునే వెసులుబాటు ఇంకా ఉంటుంది, దాన్ని పూర్తిగా తీసేయలేం. కానీ నెమ్మదిగా ఈదే మనిషి వస్తే మొత్తం తగ్గదు, బాగా ఈదితే పెరుగుతుంది. వద్దనడానికి కెప్టెన్‌కు కారణమే ఉండదు.

రిలేలకు ప్రతి ఏజ్ గ్రూపులో క్లబ్బుకు ఒక్క జట్టుకే పాయింట్లివ్వాలి, లేకపోతే సంఖ్యాబలం దొడ్డిదారిన మళ్లీ వస్తుంది. వయసు కూడే తీరు కూడా ముఖ్యం. యూఎస్ మాస్టర్స్ గజాల కొలనులో నలుగురిలో చిన్నవాళ్ల వయసు చూస్తుంది, మీటర్ల కొలనులో నలుగురి వయసులూ కూడుతుంది. 62, 58, 55, 22 ఏళ్లవాళ్లు ఒక జట్టైతే గజాల్లో 18+ గ్రూపులో కుర్రాళ్లతో ఈదాలి, మీటర్లలో మొత్తం 197 కాబట్టి 160-199లో ఈదుతారు. మొదటి నియమంలో ఆ 22 ఏళ్ల అమ్మాయిని పెద్దవాళ్లు తమ రిలేలోకి పిలవరు. కొలను ఏదైనా సరే, సొంతంగా పోటీ పెట్టుకునేవాళ్లు వయసులు కూడే పద్ధతినే ఎంట్రీ ఫారంలో రాసిపెట్టుకోవాలి.