ఎల్-39, మిగ్-15, జెట్ ప్రోవోస్ట్: సొంతానికి ఏది మేలు?

వాయుసేనలు పక్కన పెట్టిన జెట్‌ను అమెరికాలో మామూలు పౌరుడు కొనుక్కుని నడపొచ్చు. అలాంటి విమానానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ‘ఎక్స్‌పెరిమెంటల్ ఎగ్జిబిషన్’ సర్టిఫికెట్ ఇస్తుంది. డబ్బు తీసుకుని మనుషుల్ని గానీ సరుకుని గానీ ఎక్కించుకోకూడదు. పైలట్ లైసెన్సులో ఆ విమానం పేరుతో విడిగా అనుమతి ఉండాలి. ఏటా తనిఖీ తప్పదు. ఈ షరతులు మూడు విమానాలకూ ఒకటే. తేడా అంతా ఇంజన్‌లో, ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటులో, బ్రేకుల్లో ఉంది. కొనే ధర ఒక్కటే చూసి నిర్ణయించుకునేవాళ్లు రెండో ఏడాది ఇంధనం, విడిభాగాల బిల్లులు చూసి విమానాన్ని షెడ్డులో పెట్టేస్తారు.

ముందు ఇంధనం లెక్క చూద్దాం. చెక్ దేశపు ఎల్-39లో ఉన్నది ఏఐ-25టీఎల్ టర్బోఫ్యాన్. 1,720 కిలోల థ్రస్ట్ (ముందుకు తోసే బలం) ఇస్తుంది. పూర్తి శక్తితో నడిపితే గంటకు సుమారు 1,030 కిలోల కిరోసిన్ తాగుతుంది. రెండు సీట్ల సోవియట్ మిగ్-15యూటీఐలోని ఆర్‌డీ-45ఎఫ్ పాత తరం టర్బోజెట్. 2,270 కిలోల థ్రస్ట్‌కు గంటకు దాదాపు 2,400 కిలోలు పోయాలి. బ్రిటన్ శిక్షణ విమానం జెట్ ప్రోవోస్ట్ టీ5లోని వైపర్ ఇంజన్ ఇచ్చే థ్రస్ట్ 1,130 కిలోలే, అయినా 1,200 కిలోల దాకా తాగేస్తుంది. అంటే ఎల్-39 బలంలో మూడింట రెండొంతులే ఇచ్చి, దానికన్నా ఎక్కువ తాగుతుంది. పైకెళ్లి నిదానంగా ఎగిరితే ఎల్-39కి గంటకు 500-600 లీటర్లతో సరిపోతుంది. మిగ్‌కు డ్రాప్ ట్యాంకులు (రెక్కల కింద తగిలించే అదనపు ఇంధన ట్యాంకులు) లేకపోతే గంటసేపు గాలిలో ఉండడమే కష్టం.

స్టార్ట్ చేయడంలోనూ ఎల్-39దే పైచేయి. బ్యాటరీతో సఫీర్ అనే చిన్న టర్బైన్ తిరుగుతుంది. అది పంపే గాలితో పెద్ద ఇంజన్ అందుకుంటుంది. ఏ ఊరి ఎయిర్‌పోర్టులో దిగినా, అక్కడ ఎవరి సాయం లేకుండా మళ్లీ బయల్దేరొచ్చు. మిగ్‌కు బయటినుంచి కరెంటు ఇచ్చే బండి కావాలి. ఆ బండి లేని చోట దిగితే అక్కడే ఉండిపోవాల్సిందే.

ఎల్-39లో జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. ఐడిల్ నుంచి పూర్తి శక్తికి రావడానికి ఇంజన్ పది సెకన్ల దాకా తీసుకుంటుంది. దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా వెనక్కి లాగేసి, రన్‌వే అందదేమోనని చివర్లో ముందుకు తోస్తే ఆ పది సెకన్లలో విమానం కింద పడుతుంది. అందుకే దిగేదాకా ఆర్‌పీఎం తగ్గనివ్వకుండా, కావాలంటే గాలికి అడ్డుపడే స్పీడ్ బ్రేకులు తెరిచి వేగం తగ్గించాలి.

మిగ్ బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. మీట స్టిక్ మీద ఉంటుంది, ఎడమా కుడీ తేడా పెడల్స్‌తో వస్తుంది. రన్‌వే దాకా నేలమీద నడిపేటప్పుడు మాటిమాటికీ నొక్కితే గాలి నిల్వ తరిగిపోతుంది. పాత రబ్బరు సీళ్లు కారినా అంతే. రన్‌వే చివరికొచ్చాక ఆగదు. ఎల్-39 బ్రేకులు హైడ్రాలిక్. మిగ్ స్పిన్‌లో (గిరగిరా తిరుగుతూ కిందికి జారడం) పడితే బయటపడడం ఎంత కష్టమంటే, స్టిక్ నడిమధ్య ఎక్కడో గుర్తుపట్టడానికి ప్యానెల్ మీద తెల్ల గీత గీసి ఉంటుంది. కొత్తగా జెట్లలోకి వచ్చేవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఫైటర్లు నడిపిన అనుభవం, సొంత మెకానిక్, పొడవైన రన్‌వే ఉన్నవారికి మాత్రం రెక్కలు వెనక్కి వాలిన విమానం నడిపే ఆనందం ఈ మూడింటిలో ఇదొక్కటే ఇస్తుంది. ఆ ఆనందం చిన్నది కాదు.

సీట్ల విషయం ఇంకా ముఖ్యం. ఎల్-39 సీటు గంటకు 150 కిలోమీటర్ల వేగం ఉంటే నేలమీద నుంచైనా మనిషిని బయటికి విసరగలదు. జెట్ ప్రోవోస్ట్‌లోని మార్టిన్-బేకర్ సీటూ దాదాపు అంతే. మిగ్ పాత సీటుకైతే కొన్ని వందల మీటర్ల ఎత్తు కావాలి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది టేకాఫ్, ల్యాండింగ్ దగ్గరే కాబట్టి, అక్కడ ఈ సీటు ఉన్నా లేనట్టే. ఏ సీటుకైనా దాన్ని పైకి విసిరే పేలుడు క్యాట్రిడ్జ్‌లకు గడువుంటుంది. గడువు తీరినవాటిని అలాగే ఉంచి ఎగరకండి. కొత్తవి దొరక్కపోతే సీటును పూర్తిగా నిర్వీర్యం చేయించి, ఇక దూకే అవకాశం లేదన్న లెక్కతోనే ప్రతి ఫ్లైట్ వేసుకోండి.

దుండిగల్ మీద వాయుసేన కిరణ్ శిక్షణ విమానాల మోత విన్నవాళ్లకు వైపర్ కొత్త కాదు. కిరణ్ మార్క్-1లో ఉన్నదీ ఆ కుటుంబపు ఇంజనే. దాన్ని మొదట జిండివిక్ అనే టార్గెట్ డ్రోన్ (గురి సాధనకు వాడే పైలట్ లేని విమానం) కోసం, కొద్ది గంటలు నడిస్తే చాలన్నట్టు తయారుచేశారు. అందుకే నిర్మాణం సులువు. పైలట్లిద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు కాబట్టి నేర్చుకోవడానికీ ప్రోవోస్ట్ హాయి. బ్రిటన్‌లో ఉండేవారికి నా ఓటు దీనికే. మాన్యువల్స్, అనుభవం ఉన్న మెకానిక్‌లు అక్కడే ఉన్నారు. అయితే 2015 ఆగస్టు 22న షోర్‌హామ్ ఎయిర్ షోలో హంటర్ అనే పాత ఫైటర్ జెట్ కూలి 11 మంది చనిపోయాక అక్కడ పాత జెట్ల ప్రదర్శనల మీద నియమాలు బిగించారు. అమెరికాలో ఉంటే ఎల్-39 తీసుకోండి.

ఏది కొన్నా డబ్బు కట్టే ముందు ఇంజన్ లాగ్‌బుక్ తెరవండి. సోవియట్ కూటమి దేశాల్లో తయారైన యంత్రాలకు గంటల గడువు వేరు, సంవత్సరాల గడువు వేరు. గంటలు మిగిలి ఉన్నా ఏళ్లు అయిపోయి ఉండొచ్చు. బోరోస్కోప్‌తో (ఇంజన్ లోపలికి పంపే సన్నటి కెమెరా గొట్టం) టర్బైన్ బ్లేడ్లు చూడండి, ఆయిల్ ఫిల్టర్ విప్పి లోహపు పొడి ఉందేమో చూడండి, ప్రతి రబ్బరు గొట్టం మీదా తేదీ చదవండి. ప్రోవోస్ట్‌కు వీటితోపాటు ఫెటీగ్ ఇండెక్స్ (లోహం ఎంత అలసిందో చెప్పే అంకె) అడగాలి. అది 100కు దగ్గర పడితే రెక్కల ఆయుష్షు అయిపోవచ్చినట్టే, ఇంజన్ ఎంత కొత్తదైనా కొనకండి.