రెండు సర్వర్లా, మూడా, మధ్యలో ఒక పెద్ద డబ్బానా: ఏది మేలు?

మామిడి సీజన్‌కు రెండు నెలల ముందు చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడొక గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ల సంగతి చూసుకునే కుర్రాడు. జూన్, జూలైలలో తోతాపురి దిగిందంటే ఆ గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కాటా మీద బరువు తేలాలి, రైతు పేరున చీటీ రావాలి, ఆ లెక్కంతా సర్వరులో పడాలి. సర్వరు ఆగితే కాటా ఆగుతుంది. కాటా ఆగితే కాయ ఎండలో మగ్గిపోతుంది.

"అన్నా, పోయినేడు మాదిరి ఈసారీ అయిందంటే రైతులు నన్నే కాటా ఎక్కిస్తారు. ఒకాయన శాన్ కొనమంటాడు. ఇంకొకాయన మూడు సర్వర్లు పెట్టి సెఫ్ వేయమంటాడు. మా ఓనరేమో ఉండే రెండింటితోనే కానీమంటాడు. ఏది మేలో నువ్వే చెప్పన్నా."

శాన్ అంటే మధ్యలో పెట్టే పెద్ద డిస్కుల డబ్బా, సెఫ్ అంటే చాలా సర్వర్ల డిస్కులను కలిపి ఒకే నిల్వగా వాడే సాఫ్ట్‌వేర్. నేను తిరుపతిలో ఇదే పని మీద బతికేవాణ్ని. మూడూ కట్టాను, మూడింటితోనూ రాత్రిళ్లు మేలుకున్నాను. అందుకే వెంటనే జవాబు చెప్పకుండా ముందు ఎంతసేపు ఆగితే తట్టుకోగలరని అడిగాను. అమ్మేవాళ్లు 99.9 శాతం సేపు ఆగకుండా నడుస్తుందంటారు. లెక్క వేస్తే ఏడాదిలో దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగినా ఆ మాట నిలిచినట్టే. 99.99 అయితే 52 నిమిషాలు. ఆ ఎనిమిది గంటలు ఫిబ్రవరిలో వస్తే ఎవరికీ పట్టదు. జూన్ ఆఖరు వారంలో వస్తే గేటు దగ్గర నిలబడేది ఆ కుర్రాడే. "పది నిమిషాలైతే ఎట్లోకట్ల సర్దుకుంటామన్నా, చీటీ చేత్తో రాస్తాం" అన్నాడు. అది మంచి జవాబు. క్షణం కూడా ఆగకూడదని అని ఉంటే ఖర్చు లెక్క వేరేగా ఉండేది.

శాన్ అంటే డిస్కులన్నీ ఒకే పెట్టెలో పెట్టి, రెండు సర్వర్లనూ ఫైబర్ ఛానెల్ అనే ప్రత్యేక లైనుతోనో, మామూలు నెట్‌వర్కు మీద నడిచే ఐస్కసీతోనో దానికి తగిలించడం. ఒక సర్వరు పోతే రెండోది అవే డిస్కులు అందుకుని నడిపిస్తుంది. డేటా ఒకచోటే ఉంటుంది కాబట్టి కాపీలు సరిపోయాయా లేదా అనే టెన్షన్ లేదు. పెట్టెలో కంట్రోలర్లు రెండు, కరెంటు సప్లైలు రెండు. పెద్ద డేటాబేసు, చేతిలో డబ్బు, ఏటా ఏఎంసీ (మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కట్టే ఓపిక ఉన్నవాళ్లకు దీన్ని మించిన నిశ్చింత లేదు.

అయినా పెట్టె ఒకటే. లోపల అన్నీ రెండేసి ఉన్నా బయటి డబ్బా ఒకటే, దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ ఒకటే, పెట్టిన గది ఒకటే. ఏఎంసీలో నాలుగు గంటల్లో పార్టు ఇస్తామని రాస్తే, ఆ పార్టు ఏ ఊళ్లో ఉందో అడగండి. చెన్నైలో ఉంటే సరే, చిత్తూరుకు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరుతుంది. ఇంకెక్కడో ఉంటే ఆ నాలుగు గంటలు కాగితం మీదివే. ఇంకొకటి, డిస్కులు పెద్దవైపోయాయి. 16 టీబీ డిస్కు ఒకటి పోతే కొత్తదాన్ని సెకనుకు 150 ఎంబీ చొప్పున ఆగకుండా నింపినా దగ్గర దగ్గర 30 గంటలు పడుతుంది. ఆ 30 గంటల్లో ఇంకొక డిస్కు పోతే, ఒక్క డిస్కు నష్టాన్నే తట్టుకునే రెయిడ్ 5 పద్ధతి చేతులెత్తేస్తుంది. అంత పెద్ద డిస్కులకు, రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6 కంటే తక్కువ వద్దు.

కొత్తగా శాన్ పట్టినవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. డిస్కు రెండు సర్వర్లకూ కనిపిస్తోంది కదా అని రెండు చోట్లా ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 లాంటి మామూలు ఫైల్ సిస్టమ్ తగిలిస్తారు. ఎవరు ఏం రాశారో రెండోవాళ్లకు తెలియదు, కాసేపటికి ఫైల్ సిస్టమ్ చెడిపోతుంది. ఒకేసారి రెండింటి నుంచీ రాయాలంటే అందుకోసమే కట్టిన జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 లాంటి ఫైల్ సిస్టమ్‌లు కావాలి. లేదంటే ఒక సమయంలో ఒక్కరే తాళంచెవి పట్టుకోవాలి.

ఇక ఓనరు అడిగే దారి, ఉన్న రెండు సర్వర్లతోనే. దీనికి డీఆర్‌బీడీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. వియన్నాలోని లిన్‌బిట్ వాళ్లది, 2010లో లినక్స్ గుండె లాంటి కెర్నల్‌లోకి 2.6.33 వెర్షన్‌తో చేరింది. ఒక సర్వరు డిస్కులో రాసిన ప్రతి అక్షరమూ నెట్‌వర్కు మీదుగా రెండోదాని డిస్కులోనూ పడుతుంది. ప్రోటోకాల్ సీ పెడితే రెండు చోట్లా పడ్డాకే 'రాశాను' అని జవాబు వస్తుంది. ప్రోటోకాల్ 'ఏ' పెడితే అవతలివైపు చేరకముందే వస్తుంది. పక్కపక్క సర్వర్లకు సీ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. పైన పేస్‌మేకర్, కొరోసింక్ అనే సాఫ్ట్‌వేర్లు కూర్చుని ఎవరు బతికున్నారో, ఎవరు పనిలో ఉండాలో చూసుకుంటాయి. ఖర్చు తక్కువ, అర్థం చేసుకోవడం తేలిక, ఒక పెట్టె మొత్తం కాలిపోయినా రెండోదాంట్లో డేటా అంతా ఉంటుంది.

ఇక్కడ నా దెబ్బ ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట తిరుపతిలోనే ఒక ఆసుపత్రికి ఇలాంటి జంట కట్టాను. సర్వర్లు రెండూ ఒకదాని నాడి ఒకటి చూసుకునే తీగలు ఒక చిన్న స్విచ్చులో పెట్టాను. జనం వాడే కంప్యూటర్లు వేరే స్విచ్చులో. పలకని సర్వరును రెండోది బలవంతంగా ఆపేసే స్టోనిత్ అనే సెట్టింగు అడ్డం వస్తోందని దాన్ని ఆపేశాను. అప్పట్లో చదివిన పాఠాల్లో చాలావరకు మొదటి లైన్లోనే ఆపేయమని ఉండేది, నాకూ అది చిన్న విషయంలాగే అనిపించింది. ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఆ చిన్న స్విచ్చుకున్న యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంది. సర్వర్లు రెండూ బతికే ఉన్నాయి, కానీ ఒకదాని గొంతు ఒకదానికి వినిపించలేదు. అవతలిది పోయిందనుకుని రెండూ డేటాబేసు లేపాయి, రెండూ ఒకే ఐపీ, అంటే ఒకే నెట్‌వర్కు చిరునామా తగిలించుకున్నాయి. ఓపీ కౌంటరు ఒకదాంట్లో, మందుల కౌంటరు ఇంకొకదాంట్లో బిల్లులు కొడుతూ పోయాయి. ఉమ్మడి పొలాన్ని అన్నదమ్ములిద్దరూ చెరొకరికి రిజిస్ట్రీ చేసినట్టు, ఒకే నంబరుతో ఇద్దరు రోగులకు బిల్లులు. లైను మళ్లీ కలిశాక డీఆర్‌బీడీ 'స్ప్లిట్ బ్రెయిన్' (బుర్ర రెండుగా చీలింది) అని లాగులో రాసి, కలవనని మొండికేసింది. దాని మొండితనమే మమ్మల్ని కాపాడింది. ఒక వైపు డేటాను వదులుకుని, ఆ వైపు బిల్లులన్నీ కాగితాలు చూసి రెండు రాత్రులు టైపు చేశాం. తప్పు నాదే.

స్టోనిత్ అంటే అవతలివాడి తలలో కాల్చడం అని అర్థం వచ్చే మాటల పొట్టిపేరు. పేరు మొరటుగా ఉంది కానీ పనిలో న్యాయం ఉంది. అవతలిది పోయిందన్న అనుమానం మీద డేటా ముట్టుకోకూడదు. దాని కరెంటు తీసేసి, పోయిందని రూఢి చేసుకున్నాకే ముట్టుకోవాలి. సర్వరును దూరం నుంచే ఆపడానికి ఉండే ఐపీఎంఐ పోర్టు ద్వారా ఇది చేయొచ్చు. కాకపోతే ఆ పోర్టుకు కరెంటు వచ్చేదీ ఆ సర్వరు నుంచే. సర్వరుకు కరెంటు మొత్తం పోతే ఐపీఎంఐ కూడా పలకదు, చంపానో లేదో తేలక రెండోది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. అందుకని నెట్‌వర్కు నుంచి ఆపగలిగే పవర్ స్ట్రిప్ ఒకటి రెండో ఆయుధంగా పెట్టుకోవాలి.

దానితోపాటు కోరం, అంటే ఓట్లలో మెజారిటీ, కూడా కావాలి. పంచాయతీ మీటింగుకు కావలసినట్టే. ఇద్దరే సభ్యులుండి మాట కలవకపోతే తీర్మానం ఎట్లా? మూడో ఓటు కావాలి. ఆ ఓటరుకు డేటా అక్కర్లేదు. ఇంకో గదిలో, ఇంకో కరెంటు లైను మీద ఉన్న చిన్న కంప్యూటరులో క్యూనెట్‌డీ అనే ప్రోగ్రాము నడిస్తే చాలు, సర్వర్లలోని క్యూడివైస్ దాన్ని ఓటు అడుగుతుంది. డీఆర్‌బీడీ 9లో డిస్కు లేని మూడో కంప్యూటరును ఓటుకు వాడుకునే వీలుంది. కెర్నల్‌తో వచ్చేది మాత్రం 8.4. 9 కావాలంటే మాడ్యూల్ విడిగా ఎక్కించుకోవాలి, కెర్నల్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ దాన్ని గుర్తుపెట్టుకోవాలి.

సర్వర్లు రెండింటినీ ఊరికే ఎందుకు ఉంచాలి, చెరో సగం పని చేయిద్దాం అని ఓనర్లు అడుగుతారు. అప్పుడు తిరుమల దారి గుర్తుచేస్తాను. 1944 నాటి పాత ఘాట్‌రోడ్డులో దిగుతాం, 1974 నాటి రెండోదాంట్లో ఎక్కుతాం. 2021 డిసెంబరులో వానలకు బండరాళ్లు విరిగిపడి ఎక్కే దారి మూసేస్తే బరువంతా దిగే దారి మీదే పడింది. సర్వర్లు రెండూ చెరి 70 శాతం బరువు మోస్తుంటే ఒకటి పోయిన రోజు మిగిలినదాని మీద పడేది 140. ఇద్దరికీ పని ఇవ్వండి, కానీ కలిపి ఒక్కడు మోయగలిగినంతే.

సెఫ్ సంగతికి వస్తే, నాకిష్టమైనది అదే. సేజ్ వీల్ అనే ఆయన కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ పనిగా దీన్ని మొదలుపెట్టాడు. సర్వర్లు చేర్చుకుంటూ పోతే స్థలం పెరుగుతూ పోతుంది, డిస్కు చచ్చినా దానంతట అదే కాపీలు మళ్లీ కట్టుకుంటుంది. అందుకే అందరూ మనసు పడతారు. లెక్క మాత్రం ముందే వేసుకోవాలి. సర్వరుకు 20 టీబీ చొప్పున మూడు పెడితే 60. మామూలుగా మూడు కాపీలు, కాబట్టి చేతికొచ్చేది 20. 85 శాతం దాటితే హెచ్చరిక మొదలవుతుంది కాబట్టి నిశ్చింతగా వాడుకునేది 17. 95 దాటితే రాయడమే ఆగిపోతుంది.

అసలు చిక్కు మూడు అనే అంకెలోనే ఉంది. ప్రతి కాపీ వేరే సర్వరులో ఉండాలనేది నియమం. మూడింట్లో ఒకటి పోతే మూడో కాపీ పెట్టుకోవడానికి చోటే లేదు, అది తిరిగి వచ్చేదాకా రెండు కాపీలతో బిక్కుబిక్కుమంటూ నడవాలి. ఇంకొకటి కూడా తడబడితే మిగిలిన ఒక్క కాపీ మీద రాయనివ్వదు, అంతా ఆగుతుంది. సర్వరు మొత్తం పోయినా తనకు తాను బాగుచేసుకునే గుణం కోసం సెఫ్ వేస్తే, ఆ గుణం నాలుగో సర్వరుతో గానీ రాదు. మెమరీ కూడా బాగా తింటుంది, డిస్కుకు 4 జీబీ దాని మామూలు లెక్క. కరెంటు పోయినా రాస్తున్నదాన్ని కాపాడుకునే పవర్‌లాస్ ప్రొటెక్షన్ లేని మామూలు ఎస్‌ఎస్‌డీలు పెడితే నత్తనడక. 1 జీబీపీఎస్ లైను మీద ఒక్క టీబీ కదలడానికే రెండుంపావు గంటలు, కాబట్టి 10 జీబీపీఎస్ స్విచ్చు తప్పదు. ఇవన్నీ పెట్టి, నడిపేవాడు ఒక్కడే అయి, వాడు పెళ్లికి పోయిన రోజు సెఫ్ తెర మీద ఎర్ర హెచ్చరికలు మెరిస్తే ఎవరు చూస్తారు? ఫోటోలు, స్కాన్లు, వీడియోలు వందల టీబీలుండే కాలేజీకో పెద్ద ఆసుపత్రికో, ఇద్దరు ముగ్గురు మనుషులుంటే, సెఫ్ వేయండి. కాటా చీటీలకు వద్దు.

విండోస్ వాళ్లకు ఇలాగే సర్వర్ల డిస్కులు కలిపే స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ ఉంది. రెండు సర్వర్లతోనే మొదలుపెట్టొచ్చు, కాకపోతే డేటాసెంటర్ ఎడిషన్ లైసెన్సు కావాలి. మన కుర్రాడిది లినక్స్ కాబట్టి దాని జోలికి పోలేదు.

కుర్రాడు తిరుపతిలో ఉన్న వాళ్ల ఆఫీసులో కూడా ఒక కాపీ కావాలన్నాడు. రోడ్డు మీద 70 కిలోమీటర్లే. ఫైబరులో వెలుగు కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది, పోయి రావడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టకూడదు. కానీ లీజు లైను నేరుగా పాకాల మీదుగా పోతుందని ఎవరు చెప్పారు? చెన్నైకో బెంగళూరుకో వెళ్లి తిరిగి రావచ్చు. ఆ దూరానికి ప్రోటోకాల్ 'ఏ' పెట్టాలి. ఊరు మొత్తం మునిగితే చివరి కొన్ని చీటీలు పోవచ్చని ముందే ఒప్పుకోవాలి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు చెరువులైనప్పుడు చూశాం కాబట్టి, ఏ ఊళ్లోనైనా సర్వరు గది కింది అంతస్తులో వద్దన్నాను.

వీటిలో ఏదీ బ్యాకప్ కాదు. ఎవరో పొరపాటున టేబుల్ చెరిపేస్తే అది కూడా అంతే నమ్మకంగా రెండో డిస్కులో చెరిగిపోతుంది. రాత్రికొక కాపీ విడిగా, ఈ సర్వర్ల గుంపుతో సంబంధం లేని చోట ఉండాలి.

కుర్రాడికి రెండో దారే చెప్పాను. ఉన్న రెండు సర్వర్లు, మధ్యలో స్విచ్చు లేకుండా నేరుగా ఒక తీగ, స్విచ్చు మీదుగా ఇంకొకటి, పవర్ స్ట్రిప్, మూడో ఓటుకు సెక్యూరిటీ గదిలో చిన్న పెట్టె. శాన్ డబ్బులో కొంత పెట్టి సర్వరు గదికి రెండో ఏసీ కొనమన్నాను. వారం తర్వాత మళ్లీ ఫోను.

"ఓనరు ఒప్పుకున్నాడన్నా. డేటా లేని పెట్టెకు డబ్బులెందుకని మాత్రం అడగతా ఉండాడు."

ఆసుపత్రి కథ ఆయనకు చెప్పమన్నాను. మే నెలలో ఒక ఆదివారం నేనే వస్తానన్నాను. ఒక ఖాళీ ట్రాక్టరును కాటా ఎక్కిస్తూ దింపుతూ ఉంటే, పనిలో ఉన్న సర్వరు కరెంటు తీగ పీకి, చీటీ మళ్లీ రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పట్టుకుని చూడాలి. ఆ పూట ఓనరును మాత్రం ఆ గదిలోకి రానివ్వొద్దన్నాను.