తిరునాళ్ల నాటకమా, పురమందిరం నాటికా?

ఖర్చు: మా వైపు చాలాసార్లు రెండూ ఉచితమే. తిరునాళ్లలో మిరపకాయ బజ్జీలకీ గోలీసోడాకీ వంద వదులుద్ది. నెల్లూరు పురమందిరం (టౌన్‌హాలు) దగ్గరైతే బయట ఒక టీ, అంతే.

శ్రమ: అక్కడ పట్ట పరుచుకుని తెల్లారిందాకా జాగారం. ఇక్కడ నాటిక గంటలో అయిపోద్ది, చివరి బస్సు అందుద్ది.

నటుల నీతి: అసలు పేచీ ఇదే. తిరునాళ్ల హరిశ్చంద్ర నాటకంలో, కొడుకు లోహితాస్యుడి శవాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్న చంద్రమతి, ఎవరో యాభై నోటు చాపితే లేచొచ్చి అందుకుని, దణ్ణం పెట్టి, మళ్లీ ఏడుపు అందుకుంది! ‘వన్స్ మోర్’ అన్నారా, కాటిసీనులో జాషువా పద్యం మూడోసారి. పురమందిరంలో ఆడే పరిషత్తు (పోటీ) నాటికలో ఈ బేరాల్లేవు, పాత్ర దిగరు. అయితే హార్మోనియం మీద తేలే ఆ రాగం కూడా ఉండదు మరి.

పద్యం మీద మోజుండి, మర్నాడు పని లేకపోతే తిరునాళ్ల. కథ కావాలన్నా, వెంట పిల్లలున్నా పురమందిరం. నేనైతే బజ్జీల కోసమైనా తిరునాళ్లకే పోతా.