పిగ్మెంట్లతో నాచు లెక్క: ఎనిమిదేళ్లు వాడాక

చెరువులు, జలాశయాల నీటిని వడకట్టి, ఫిల్టర్ మీద మిగిలిన నాచు పిగ్మెంట్లను (రంగు పదార్థాలను) హెచ్‌పీఎల్‌సీ అనే మెషీన్‌లో విడదీసి చూడటం నాకు ఎనిమిదేళ్లుగా అలవాటైన పని. ఏ పిగ్మెంట్ ఎంతుందో చూసి, ఏ గుంపు నాచు ఎంతుందో లెక్కకడతాం. మైక్రోస్కోప్ కింద ఒక శాంపిల్ లెక్కపెడితే సగం రోజు పోతుంది. మెషీన్‌కి అరగంట చాలు. రాత్రి పెట్టి వెళ్తే పొద్దున్నకి అంకెలు రెడీ. మైక్రోస్కోప్‌లో నా కంటికి ఆనని అతి చిన్న సయనోబ్యాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచు) కూడా జియాజాంథిన్ అనే పిగ్మెంట్ రూపంలో దొరికిపోతుంది. అల్లోజాంథిన్ అనే పిగ్మెంట్ కనిపిస్తే క్రిప్టోఫైట్లనే నాచు గుంపు ఉన్నట్టే.

ఫ్యూకోజాంథిన్ అనే పిగ్మెంట్ మాత్రం నన్ను నిలువునా ముంచింది. అది డయాటమ్‌లనే నాచు గుంపులోనే కాదు, క్రైసోఫైట్లనే మరో గుంపులోనూ ఉంటుంది. తెలిసీ పట్టించుకోలేదు. ఒక సీజనంతా ‘డయాటమ్‌లు ఎక్కువ’ అని రిపోర్టులు రాశాను. ఎందుకో అనుమానమొచ్చి ఒక చుక్క స్లైడ్ మీద వేస్తే, కూజాలో కూజా గుచ్చినట్టు అంతా డైనోబ్రియాన్ అనే క్రైసోఫైటే! డయాటమ్‌ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

అసలు తలనొప్పి, పిగ్మెంట్ల అంకెలను నాచు గుంపుల లెక్కగా మార్చే కెమ్‌టాక్స్. 1996లో సముద్రపు శాంపిళ్ల కోసం వచ్చిన ప్రోగ్రామ్ ఇది. ఒక్కో గుంపులో, అన్ని నాచుల్లోనూ ఉండే పిగ్మెంట్ క్లోరోఫిల్-ఏతో పోలిస్తే మిగతా పిగ్మెంట్లు ఎంతెంత ఉంటాయో ముందు మనమే చెప్పాలి. సముద్రపు నిష్పత్తులు మంచినీటికి ఇచ్చినా అభ్యంతరం చెప్పదు, నీటుగా ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. వెలుతురును బట్టి కూడా ఈ నిష్పత్తులు మారతాయి. అందుకే పై నీటిని, లోతు నీటిని విడివిడిగా నడుపుతాను. మొదట ఇచ్చిన నిష్పత్తులను అటూ ఇటూ కదిపినా ఫలితం నిలబడితేనే నమ్ముతాను.

మెషీన్‌లో పిగ్మెంట్లను విడదీసే గొట్టం, అంటే కాలమ్, పాతబడితే ఆకుపచ్చ నాచు పిగ్మెంట్ లూటిన్, జియాజాంథిన్ గ్రాఫులో వచ్చే పీక్‌లు కలిసిపోతాయి. అప్పుడు ఆకుపచ్చ నాచు సయనోబ్యాక్టీరియా ఖాతాలో పడుతుంది. ఫిల్టర్లను వెంటనే మైనస్ 80 డిగ్రీల్లో పెట్టాలి. ఓ రాత్రి మా ఫ్రీజర్ ఆగిపోతే క్లోరోఫిల్ కాస్తా విరిగి క్లోరోఫిల్లైడ్‌గా మారి, నెల రోజుల పని గంగలో కలిసింది.

సయనోబ్యాక్టీరియాలో ఉన్నది మైక్రోసిస్టిస్ రకమా, డోలికోస్పెర్మమ్ రకమా అంటే ఈ పద్ధతి చెప్పదు. నీటిలో విషం ఉందో లేదో అసలే చెప్పదు. సయనోబ్యాక్టీరియా నీలి పిగ్మెంట్ ఫైకోసయానిన్ నీటిలో కరిగే రకం, మేం పిగ్మెంట్లను కరిగించి తీసే అసిటోన్‌లోకి రాదు, దానికి వేరే పరీక్ష చేసుకోవాలి.

ఏళ్ల తరబడి వారంవారం ఒకే జలాశయాన్ని చూసేవాళ్లు ఈ పద్ధతిని కళ్లుమూసుకుని తీసుకోవచ్చు. ఒక్కసారి వెళ్లి ఏముందో తెలుసుకోవాలంటే మాత్రం ఇది దండగ. నా రేటింగ్ 5కి 3.5. డైనోబ్రియాన్ దెబ్బ తర్వాత ప్రతి శాంపిల్‌లోంచి ఓ చిన్న సీసాడు నీరు తీసి, చెడిపోకుండా అయోడిన్ వేసి, మైక్రోస్కోప్‌లో సరిచూసుకోవడానికి పక్కన దాస్తున్నాను.