టోక్యోలో ఆడవేషాల అచ్చు బొమ్మలు

జపాన్ సంప్రదాయ నాటకం కబుకిలో ఆడవేషం కట్టిన నటుల పాత బొమ్మల కోసం టోక్యో వెళ్లేవాళ్లు ముందు ప్రదర్శన తేదీలు చూసుకోవాలి. చెక్కతో అచ్చు వేసిన ఈ బొమ్మల రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి. ఏ మ్యూజియమూ వాటిని ఏడాది పొడుగునా బయట పెట్టదు.

హరజుకులోని ఓటా మ్యూజియం ఈ కళకే ప్రత్యేకం. చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది. ప్రదర్శనలు మార్చే రోజుల్లో మాత్రం మూసేస్తారు. నా ఓటు ఉయెనోలోని నేషనల్ మ్యూజియానికే. మేడమీద 10వ గదిలో షరకు అనే చిత్రకారుడు 1794లో గీసిన బొమ్మ కనిపించింది: దాది షిగెనోయి వేషంలో నాలుగో ఇవాయి హన్‌షిరో. వెనకంతా అభ్రకం పొడి అద్దిన నలుపు, కాస్త వంగి చూస్తే తళుక్కుమంటుంది. ఆ బొద్దు బుగ్గలు మగాడివని దాచే ప్రయత్నమే లేదు. మిగతావాళ్లు నటుణ్ణి అందగత్తెను చేస్తే, ఇతను వేషాన్నీ మనిషినీ కలిపి గీశాడు. ఏడాది తిరక్కుండానే బొమ్మలు ఆపేశాడు కూడా.

ఆడవేషాల బొమ్మల్లో నుదుటిపైన ఊదారంగు గుడ్డ కోసం వెతకండి. 1629లో ఆడవాళ్లను, 1652లో కుర్రాళ్లను ప్రభుత్వం రంగస్థలం నుంచి తప్పించింది. మిగిలిన నటులు ముందు జుట్టు గొరిగించుకోవాల్సి వచ్చింది. ఆ బోడి కప్పడానికే ఈ గుడ్డ. స్థానం నరసింహారావుగారి సత్యభామను నలుపు తెలుపు ఫొటోల్లో చూసుకునే మనకు, ఇన్ని రంగులు చూస్తే కాస్త అసూయే.

వసేదా యూనివర్సిటీ థియేటర్ మ్యూజియం 1928 నాటిది, ప్రవేశం ఉచితం. అక్కణ్ణుంచి అదే తొజాయ్ మెట్రో లైన్లో నిషికసాయ్ వెళితే ఇండియన్ భోజనం, మనవాళ్ల మాటలు రెండూ దొరుకుతాయి.

బసకి ఉయెనో నయం. హిబియా మెట్రో లైన్ నేరుగా కబుకి నాటకశాల కబుకిజా దగ్గర దింపుతుంది. మేం దిగిన హోటల్ గదిలో రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరవలేకపోయాం, శుభ్రతకు మాత్రం వంక పెట్టలేం. కబుకిజాలో ఒక్క అంకానికి విడిగా టికెట్ ఇస్తారు. సీటు నాలుగో అంతస్తులో, కాబట్టి బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి.

కొనాలనుకుంటే జింబోచో పాత పుస్తకాల వీధికి వెళ్లండి. కునిసద అనే చిత్రకారుడు నటుల బొమ్మలు లెక్కలేనన్ని వేశాడు, అందుకే అవి మరో చిత్రకారుడు హిరోషిగె ప్రకృతి దృశ్యాలకన్నా చవకలో దొరుకుతాయి. పాత అచ్చా, తర్వాత వేసిన నకలా అని అడిగి తీసుకోండి. మడత పడకుండా అట్టముక్కల మధ్య పెట్టించుకుని చేతి సంచిలోనే తెచ్చుకోండి.